బేగంపేటలో దొరికిన దోమ రహస్యం



ఈసారి గోడ పత్రికకు సైన్సు వాళ్ళ జీవిత చరిత్ర రాయమని సారు చెప్పారు. చాలామంది న్యూటన్, సి.వి.రామన్, అబ్దుల్ కలాం గార్ల పేర్లు ముందే పట్టేసుకున్నారు. నేను రోనాల్డ్ రాస్ గారి గురించి రాస్తానన్నాను. ఎందుకంటే పోయిన వానాకాలం మా తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు మూడు గొంగళ్ళు కప్పినా మంచం ఊగేటట్టు వణికేవాడు. మా అవ్వ గాలి సోకిందని కోడిని ఇచ్చింది. నర్సమ్మ వచ్చి వేలి మీద సూదితో గుచ్చి గాజు పలక మీద ఒక రక్తం చుక్క తీసుకుంది. తర్వాత మాత్రలిచ్చింది, తగ్గింది. ఒక్క చుక్కలో ఏం చూస్తారో నాకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది, అదే రాస్తున్నాను.

బేగంపేట పేరు మీరు వినే ఉంటారు. హైదరాబాదులో 2008 దాకా అందరూ విమానం ఎక్కిన చోటు అదే. సైన్సు ఫేరుకు వెళ్ళినప్పుడు మా బస్సు అమీర్‌పేట, పంజాగుట్ట దాటి బేగంపేట మీదుగా సికింద్రాబాదు పోయింది. సారు కిటికీలోంచి చెయ్యి చూపించి, ఆ పాత విమానాశ్రయం దగ్గరే ఒక బంగళా ఉంది, అందులోనే మలేరియా రహస్యం దొరికిందని చెప్పారు. మేము అందరం ఒకవైపుకి ఒరిగి చూశాం గాని చెట్లూ ఆటోలే కనపడ్డాయి. ఆ బంగళా ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందున్న రోనాల్డ్ రాస్ సంస్థ.

రాస్ గారు 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే. తండ్రి ఆంగ్లేయుల సైన్యంలో పెద్ద అధికారి. పదిమంది పిల్లల్లో ఈయనే పెద్దవాడు. ఎనిమిదేళ్ళకే చదువు కోసం ఇంగ్లండులో బంధువుల ఇంటికి పంపేశారు. (మనల్ని కూడా చిన్నప్పుడే హాస్టల్లో వేశారు గాని మనం పండక్కి ఇంటికి పోతాం కదా. ఆయనకి నడుమ సముద్రం ఉంది.)

ఆయనకి డాక్టరు చదువు ఇష్టం లేదు. బొమ్మలు వేయడం, పద్యాలు రాయడం, లెక్కలు చేయడం ఇష్టం. తండ్రి మాత్రం డాక్టరే కావాలన్నాడు. లండన్‌లో వైద్యం చదివి 1881లో ఇండియా సైనిక వైద్యంలో చేరారు. మద్రాసు, బర్మా, అండమాన్ తిరిగారు. బెంగళూరులో ఉన్నప్పుడు ఆయన బంగళాలో దోమలు విపరీతంగా ఉండేవి. కిటికీ పక్కన నీళ్ళ తొట్టి ఉండేది. తొంగి చూస్తే నీళ్ళ నిండా పురుగులు గిలగిలా కొట్టుకుంటున్నాయి. తొట్టి బోర్లించగానే దోమలు బాగా తగ్గాయి. దోమలకీ జ్వరానికీ సంబంధం ఉందని మాత్రం అప్పుడు ఆయనకి తెలియదు.

అప్పట్లో మలేరియా ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. ఇటలీ భాషలో మలేరియా అంటే చెడుగాలి అని అర్థమంట. బురద నేలల నుంచి వచ్చే గాలితో జ్వరం వస్తుందని దొరలు కూడా నమ్మేవాళ్ళు. మా అవ్వ గాలి సోకిందంటే మేము నవ్వాం, కాని లండన్ డాక్టర్లు కూడా ఒకప్పుడు అదే అన్నారు.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు అల్జీరియాలో రోగి రక్తాన్ని మైక్రోస్కోపులో చూస్తే అందులో కదిలే ప్రాణి కనపడింది. అదే మలేరియా పరాన్నజీవి. అది మన ఎర్ర రక్తకణంలో దూరి, లోపలున్న ఎర్రటి పదార్థాన్ని తిని, పిల్లలు పెడుతుంది. రెండు రోజులకి కణాలన్నీ ఒకేసారి పగులుతాయి. అప్పుడే వణుకు, తర్వాత మంట, తర్వాత చెమట. తమ్ముడికి రోజు విడిచి రోజు ఎందుకొచ్చిందో దీనివల్ల నాకు అర్థమైంది.

ఇంకొకటి గుర్తు పెట్టుకోండి, కథలో పనికొస్తుంది. పొయ్యిలో కట్టె కాలాక బూడిద మిగిలినట్టు, ఆ ప్రాణి రక్తం తిన్నాక దాని ఒంట్లో నల్లటి చిన్న చిన్న గింజలు మిగులుతాయి.

రాస్ గారికి మొదట ఇది నమ్మకం కలగలేదు. ఇండియాలో ఎంత వెతికినా ఆయనకి ఆ ప్రాణి కనపడలేదు. 1894లో లండన్ వెళ్ళినప్పుడు మాన్సన్ అనే డాక్టరు దాన్ని కళ్ళారా చూపించారు. ఈ ప్రాణిని దోమలు మోస్తాయేమోనని కూడా ఆయనే చెప్పారు. రాస్ గారు అది పట్టుకుని 1895లో సికింద్రాబాదు పటాలానికి వచ్చారు.

ఇక్కడ రెండేళ్ళు పొరపాటు దారిలో పోయారు. దోమ నీళ్ళలో పడి చచ్చిపోతే ఆ నీళ్ళు తాగినవాళ్ళకి మలేరియా వస్తుందని మాన్సన్ గారి ఊహ. అందుకని రాస్ గారు అలాంటి నీళ్ళు కొందరి చేత తాగించి చూశారు. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. గొప్పవాళ్ళు చేసినా తప్పు తప్పే. ఇప్పుడు అలా చెయ్యడానికి ఒప్పుకోరని సారు చెప్పారు.

రెండో పొరపాటు ఏంటంటే, ఆయన పట్టించినవి ఎక్కువగా మామూలు ఇంటి దోమలు. జ్వరం మనిషిని దోమతెరలో పడుకోబెట్టి, దోమల్ని లోపలికి వదిలి కుట్టించేవారు. తర్వాత ఒక్కొక్క దోమనీ సూదులతో కోసి వెతికేవారు. ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. ఎందుకంటే మలేరియా మోసేది అనాఫిలిస్ దోమ ఒక్కటే, అందులోనూ ఆడదే. మగ దోమ రక్తం తాగదు, ఆడదానికి గుడ్లు పెట్టడానికి రక్తం కావాలి. రాస్ గారికి అప్పుడు దోమల జాతులు తెలియవు, చెప్పే పుస్తకం కూడా దగ్గర లేదు.

1897లో ఊటీ దగ్గర లోయలో తిరుగుతూ ఆయనకే మలేరియా వచ్చింది. కోలుకుని మళ్ళీ సికింద్రాబాదు వచ్చి, బేగంపేట ఆస్పత్రిలో ఒక చిన్న గదిలో కూర్చున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైక్రోస్కోపే. విసనకర్ర వేయించుకుంటే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని గాలి కూడా లేకుండా కూర్చునేవారు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దం కూడా పగుళ్ళిచ్చింది. మన ల్యాబులో మైక్రోస్కోపు ముట్టుకుంటే పాడైపోతుందని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, ఆయనేమో పాడైనదాంతోనే చూశారు.

ఆగస్టు నెలలో ఆస్పత్రి అసిస్టెంటు ఒకాయన గోడ మీద కొత్త రకం దోమని చూపించాడు. అది మామూలు దోమలా గోడకి సమానంగా కూర్చోలేదు, తోక పైకి లేపి మేకు దిగ్గొట్టినట్టు ఏటవాలుగా కూర్చుంది. రెక్కల మీద మచ్చలున్నాయి. ఆ అసిస్టెంటు పేరు రాస్ గారు తర్వాత మర్చిపోయారంట, తన పుస్తకంలో ఆ సంగతి ఆయనే రాసుకున్నారు. నాకు మాత్రం ఆయన పేరు తెలుసుకోవాలని ఉంది.

ఆగస్టు 16న అలాంటి మచ్చల రెక్కల దోమలు సీసాలో తయారుగా ఉన్నాయి. వాటి పురుగుల్ని ఆయన పెట్టుకున్న మనుషులే నీళ్ళలోంచి పట్టుకొచ్చి ఇచ్చారు. వాటితో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించారు. దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. రూపాయికి 16 అణాలు, అంటే పదహారు దోమలు కుడితే ఒక రూపాయి. జ్వరంతో పడుకుని దోమలు కుట్టించుకోవడం ఎంత కష్టమో మనకి తెలుసు కదా. ఆయన చెయ్యి చాపకపోతే ఈ కథే లేదు.

ఆగస్టు 20, కుట్టించి నాలుగో రోజు. కొన్ని దోమలు చచ్చిపోయాయి, కొన్నింటిని ముందే కోసేశారు. మధ్యాహ్నం వేళ, అలసిపోయి, ఒకదాన్ని కోశారు. అంతా వెతికారు, ఏమీ లేదు. కడుపు గోడ ఒక్కటే మిగిలింది. అందులో గుండ్రటి కణాలు కనపడ్డాయి. ఒక్కోటి మిల్లీమీటరులో ఎనభయ్యో వంతు ఉంటుంది. అలాంటివి దోమ కడుపులో ఇంతకు ముందు ఎప్పుడూ లేవు. అద్దం సరిచేసి చూస్తే వాటి లోపల నల్లటి గింజలు!

ఆ గింజలు ఏంటో మీకు గుర్తుంది కదా, పొయ్యిలో బూడిద. హుసేన్ ఖాన్ రక్తంలో ఉన్న ప్రాణి దోమ కడుపులోకి వెళ్ళి, చావకుండా, కడుపు గోడలో గూడు కట్టుకుంది. తెల్లారి, 21న, ఇంకో దోమను కోస్తే గూళ్ళు ముందు రోజుకంటే పెద్దవయ్యాయి. అంటే అవి పెరుగుతున్నాయి. ఒక్క రోజు తేడా చూపించింది కాబట్టి అనుమానం పోయింది. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినం అంటారు.

ఇంకొన్ని రోజులుంటే మొత్తం తేల్చేసేవారే గాని, సెప్టెంబరులో పై అధికారులు ఆయన్ని రాజపుతానాలో మలేరియా దాదాపు లేని చోటికి బదిలీ చేశారు. తర్వాత 1898లో కలకత్తా పంపారు. అక్కడ ప్లేగు సూదుల భయంతో జనం డాక్టర్ల దగ్గరికి రాలేదు. అందుకని పక్షుల మలేరియా మీద పని చేశారు. దానిని మోసేది వేరే దోమ, కాని పద్ధతి ఒకటే. దోమ కడుపులో గూడు పగిలి వేల పిల్లలు బయటకొచ్చి, దోమ లాలాజల గ్రంథిలో చేరతాయని జూలైలో కనిపెట్టారు. ఆ దోమలు కుడితే మంచి పిచ్చుకలకి మలేరియా వచ్చింది. మహమ్మద్ బక్ష్ అనే పనివాడు, కిశోరీ మోహన్ బందోపాధ్యాయ అనే యువకుడు అక్కడ ఆయనకి సాయం చేశారు. అదే సంవత్సరం మనుషుల మలేరియా కూడా అనాఫిలిస్ దోమతోనే అని ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివాళ్ళు రుజువు చేశారు. ముందు ఎవరు కనిపెట్టారని రాస్ గారికీ గ్రాసీ గారికీ చాలా ఏళ్ళు గొడవ. అంత పెద్దవాళ్ళు కూడా మన బెంచీలో లాగే కొట్లాడుకున్నారు.

1899లో ఇంగ్లండు వెళ్ళి లివర్‌పూల్‌లో పాఠాలు చెప్పారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. లావెరాన్ గారికి 1907లో వచ్చింది. రాస్ గారు ఆఫ్రికాలో, సూయజ్ కాలువ దగ్గర ఊళ్ళలో దోమల నీళ్ళు తీయించే పని చూశారు.

ఆయన లెక్కలు ఇష్టమని చెప్పాను కదా, దానితోనే ఒక మంచి మాట కనిపెట్టారు. దోమలన్నీ చావక్కర్లేదు, ఒక హద్దు కంటే తగ్గితే చాలు, మలేరియా దానంతటదే పోతుంది. ఇలా అనుకోండి. ఒక జ్వరం మనిషి నుంచి దోమల వల్ల ఇద్దరికి అంటుతుంది. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఇప్పుడు దోమల్ని నాలుగో వంతుకి తగ్గించామనుకోండి, ఒకరి నుంచి అర మనిషికి. అర మనిషి ఉండడు కాబట్టి వంద మందితో లెక్క వేయండి. వందమంది నుంచి యాభై మందికి, తర్వాత ఇరవై అయిదు, పన్నెండు, అలా అయిపోతుంది. దోమలో ప్రాణి తయారు కావడానికి కూడా పది పన్నెండు రోజులు పడుతుంది. చాలా దోమలు ఆలోపే చస్తాయి. శ్రీలంకలో ఇలాగే తగ్గించుకుంటూ వచ్చి 2016కి మలేరియా లేని దేశం అయ్యారు.

రాస్ గారు 1932 సెప్టెంబరు 16న లండన్‌లో చనిపోయారు.

ఇంక మన సంగతి. మా ఊర్లో మందు కొట్టేవాళ్ళు వచ్చి గోడలకి కొట్టిపోతే, మచ్చలు బాగా లేవని మా అమ్మ మర్నాడే మట్టితో అలికేసింది. దోమ రక్తం తాగి బరువెక్కి గోడ మీదే కూర్చుంటుంది, అందుకే గోడకి కొడతారు. అలికితే మందు లోపలికి పోతుంది. ఈ సంగతి పండక్కి వెళ్ళినప్పుడు అమ్మకి చెప్పాను. ఇంకో రెండు ఇళ్ళలో మందు పూసిన దోమతెరలతో వాగులో చేపలు పట్టారు. వాళ్ళకి నేను చెప్తే వింటారా? సారు వస్తే అడగాలి.

హాస్టల్లో శుక్రవారం నీళ్ళ తొట్లు కడుగుతాం గాని, స్నానాల గదుల వెనకాల పగిలిన సిమెంటు తొట్టి ఎవరి వంతులోనూ లేదు. నేనూ నా స్నేహితురాలూ అందులోంచి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి చూశాం. కొన్ని పురుగులు తల కిందికి పెట్టి వేలాడుతున్నాయి, అవి మామూలు దోమలవి. నాలుగు మాత్రం నీటి పైన అడ్డంగా, సమానంగా పడుకున్నాయి. అనాఫిలిస్ పురుగులు అలాగే ఉంటాయి. రెక్కల మచ్చలు చూద్దామని గ్లాసుకి గుడ్డ కట్టి కిటికీలో పెట్టాం. మూడో రోజు వార్డెన్ అమ్మగారు చూసి కేకలేసి బయట ఎండలో పారబోశారు. తొట్టి కూడా బోర్లించమన్నారు, ఆరుగురం కలిసి బోర్లించాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని