పియానో మీద హిందోళం: సాలూరి రాజేశ్వరరావు

చిల్లకూరు నుంచి చెన్నై ఎంత దూరమని? హైవే మీద బస్సెక్కినా, గూడూరులో రైలెక్కినా రెండు మూడు గంటలు. ఊళ్లో చర్చిలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో కీబోర్డ్ వాయిస్తూ, ఎప్పటికైనా అక్కడి స్టూడియోలో అరేంజర్‌గా కూర్చోవాలని మీకూ ఉండొచ్చు. కార్డ్స్ వచ్చేశాయి. జాజ్ పాఠాలు చూసి సెవెంత్‌లు, నైన్త్‌లు కూడా పట్టేశారు. తీరా ఓ మంచి తెలుగు పాట తీసుకుని కింద ఆ కార్డ్స్ పెడితే ఏదో తేడా కొడుతుంది. వేళ్లు సరిగానే పడుతున్నాయి, రాగమే జారిపోతోంది. అప్పుడేం చేస్తారు? చాలామంది రాగాన్ని వదిలేస్తారు. కొందరు పియానోని వదిలేస్తారు.

రెండూ వదలని మనిషి ఒకాయన ఉన్నారు. సాలూరి రాజేశ్వరరావు.

1922 అక్టోబరు 11న సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. తండ్రి సన్యాసిరాజు మృదంగం వాయించేవారు, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పక్కన కూర్చున్నవారు. అంటే ఇంట్లో లయ, శ్రుతి అన్నం నీళ్లలాంటివి. పసితనంలోనే గ్రామఫోను రికార్డులిచ్చారు. 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ సినిమాలో కృష్ణుడు ఆయనే. అప్పటికి పన్నెండు పదమూడేళ్లు! ఎదురుగా కంసుడు వేమూరి గగ్గయ్య. మరుసటి ఏడాది అభిమన్యుడి వేషం. ఈ రోజుల్లో అయితే ఆ వయసులో అంత పేరొచ్చిన పిల్లాడు ఇంకేమీ నేర్చుకోనక్కర్లేదని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు.

ఆయన నేర్చుకున్నారు. సినిమా పని మీద కలకత్తా వెళ్లినవారు అక్కడే కొన్నాళ్లు ఉండిపోయారు. కె.ఎల్.సైగల్ దగ్గర హిందూస్థానీ తెలుసుకున్నారు. పంకజ్ మల్లిక్, ఆర్.సి.బోరాల్ పనితీరు దగ్గరగా చూశారు. ఆ కాలపు కలకత్తా గురించి ఒక మాట చెప్పాలి. న్యూ థియేటర్స్ సంగీతంలో రవీంద్రుడి పాట, ఠుమ్రీ ఒకవైపు, ఆర్గన్, పియానో, వయొలిన్ బృందం మరోవైపు. రెంటినీ ఒకే పాటలో ఎలా కూర్చోబెట్టాలో అక్కడ రోజూ ప్రయోగం జరిగేది. దానికి సిలబస్ లేదు, సర్టిఫికెట్ లేదు. పక్కన నిలబడి వినడమే చదువు.

మద్రాసు తిరిగొచ్చాక పదిహేడేళ్ల వయసులో ‘జయప్రద’ (1939)కు సంగీతం చేశారు. ‘ఇల్లాలు’ (1940)లో నటిస్తూ పాటలూ కట్టారు. రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడిన లలితగీతాలు ఇంటింటా వినిపించాయి. ముఖం, గొంతు రెండూ జనానికి తెలిసిన మనిషి. మెల్లగా ఆ రెండూ పక్కన పెట్టి, తెర వెనక హార్మోనియం ముందు కూర్చున్నారు. కెరీర్ లెక్కల్లో చూస్తే ఇది నష్టంలాగే కనిపిస్తుంది. నాకైతే ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే అనిపిస్తుంది.

జెమినీ స్టూడియోలో చేసిన ‘చంద్రలేఖ’ (1948) పెద్ద బడి. ఎం.డి.పార్థసారథి తదితరులతో కలిసి చేసిన ఆ సినిమాలో కర్ణాటకం ఉంది, హిందూస్థానీ ఉంది, పాశ్చాత్య వాల్ట్జ్ నడకలున్నాయి, సర్కస్ బాజా ఉంది, చివర్లో ఆ ప్రసిద్ధమైన డ్రమ్ డాన్స్ ఉంది. అన్ని రుచులూ ఒకే విస్తట్లో. తర్వాత ‘మల్లీశ్వరి’ (1951)కి వచ్చేసరికి అదే మనిషి ఎంత తగ్గించాలో తెలుసుకున్నట్టు వినిపిస్తారు. ఆ సినిమాకు వాద్యగోష్ఠి అద్దేపల్లి రామారావుది. మీకు పనికొచ్చే సంగతి ఇక్కడుంది. బాణీ కట్టేవారు ఒకరు, వాద్యాలకు పంచి ఇచ్చేవారు ఇంకొకరు కావచ్చు. ఇప్పుడు అరేంజర్, ప్రోగ్రామర్ అని మనం పిలిచే ఉద్యోగం అప్పుడే ఉంది, కాకపోతే పోస్టర్ మీద ఆ పేరు చిన్నగా ఉండేది. ఇప్పటికీ చిన్నగానే ఉంటోంది లెండి.

‘విప్రనారాయణ’, ‘మిస్సమ్మ’, ‘చెంచులక్ష్మి’ వరసగా వచ్చాయి. ‘మాయాబజార్’కు నాలుగు పాటల బాణీలిచ్చి తప్పుకుంటే, మిగతాది ఘంటసాల పూర్తిచేశారు. ‘మిస్సమ్మ’ను హిందీలో ‘మిస్ మేరీ’గా తీసినప్పుడు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్, రాజేశ్వరరావు బాణీ ఒకటి అలాగే ఉంచేశారు. ఇటు నుంచి అటు వెళ్లినట్టే అటు నుంచి ఇటూ వచ్చాయి. ‘ఆరాధన’ (1962)లో బాగా పేరొచ్చిన ఓ పాట మూలం బెంగాలీ సినిమా ‘సాగరిక’లో ఉంది. ఆ రోజుల్లో నిర్మాత అడిగితే తప్పేది కాదు.

ఇక ‘పూజాఫలం’ (1964) దగ్గర ఆగుదాం. బి.ఎన్.రెడ్డి సినిమా. జమున పియానో వాయిస్తూ పాడే పాట. రాసింది సి.నారాయణరెడ్డి, పాడింది ఎస్.జానకి. రాగం హిందోళం. పియానోకి హిందోళం ఇవ్వడమంటే కొరివితో తల గోక్కోవడమే అనుకోవచ్చు. ఎందుకంటే హిందోళంలో రిషభం లేదు, పంచమం లేదు. స-గ-మ-ద-ని, అయిదే స్వరాలు. పియానో నేర్చుకున్నవాడి చేయి అలవాటుగా వెళ్లేది స-గ-ప మీదికి, అంటే మామూలు మైనర్ కార్డ్ మీదికి. ఆ ‘ప’ తగిలిందా, హిందోళం అక్కడికక్కడే ఆఖరు. పైగా పియానో మెట్టు నొక్కితే వచ్చేది ఒకే స్థాయి. గమకం పలకదు, స్వరం జారదు, ఊగదు.

ఆ పాటలో పని ఎలా పంచారో వినండి. ఊగాల్సినదంతా జానకి గొంతుకిచ్చారు. పియానోకి ఇచ్చింది చరణాల మధ్య ఖాళీలు, పరుగులు, మెరుపులు. చేతకానిది దాని చేత చేయించలేదు. హిందోళాన్నే ఎంచుకోవడంలోనూ ఒడుపు ఉంది. స్వరాల మధ్య ఎడం ఎక్కువ ఉన్న రాగం కాబట్టి, గమకం తగ్గినా గుర్తుపట్టగలం. అదే తోడిని పియానో మీద పెట్టి చూడండి, గుర్తు కూడా పట్టలేరు.

మీ కీబోర్డ్ దగ్గరుంటే ఒకటి చేయండి. తెల్లమెట్లు ముట్టుకోవద్దు. మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జం అనుకుని వరసగా నల్లవే వాయిస్తే మోహనం. అదే గుంపులో మూడోదాన్ని షడ్జం చేసుకుంటే హిందోళం. మెట్లు అవే, రాగం మారిపోయింది. మనవాళ్లు దీన్నే గ్రహభేదం అంటారు. ఇప్పుడు హిందోళం స్వరాలను స-మ-ని-గ-ద అని ఒకదాని మీద ఒకటి పేర్చండి. ప్రతి రెంటి మధ్యా దూరం సమానం, షడ్జానికీ శుద్ధ మధ్యమానికీ ఉన్నంత. ఇలా నాలుగో స్వరాలు పేర్చి కార్డ్స్ కట్టడం జాజ్‌లో మెకాయ్ టైనర్ 1960లలో జాన్ కోల్ట్రేన్ బృందంలో చేసిన పని. మ-ద-స-గ పేర్చితే జాజ్ వాళ్ల మైనర్ సెవెంత్, అన్నీ హిందోళం స్వరాలే. ఇక మోహనం అయిదు స్వరాలనూ ఒకేసారి మోగిస్తే వాళ్లు సిక్స్-నైన్ అని పిలిచే కార్డ్. రాజేశ్వరరావు ఈ పేర్లతో ఆలోచించారని నేననడం లేదు. రాగంలోంచే కార్డ్ తీసుకుంటే రాగం చెడదని మాత్రం మీ చెవికే తెలుస్తుంది. పుస్తకంలోని కార్డ్ తెచ్చి రాగం మీద పెట్టినప్పుడే గొడవ.

సితార్, మాండొలిన్ మొదలుకొని పియానో దాకా చాలా వాద్యాల మీద ఆయనకు చేయి ఉండేది. ‘డాక్టర్ చక్రవర్తి’, ‘అమరశిల్పి జక్కన్న’ కూడా ‘పూజాఫలం’ వచ్చిన 1964లోనివే. ఒకే ఏడాదిలో మూడు రకాల ప్రపంచాలు. ‘బంగారు పంజరం’ తర్వాత సినిమాలు తగ్గాయి. కాలం మారింది, వేగం పెరిగింది, ఆయన వేగం పెంచుకోలేదు. కళాప్రపూర్ణ వచ్చింది. రఘుపతి వెంకయ్య అవార్డు 1992కి గానీ రాలేదు. తొలి సినిమాకీ దానికీ మధ్య యాభై ఏళ్ల పైచిలుకు! 1999 అక్టోబరులో వెళ్లిపోయారు.

పెద్దబ్బాయి రామలింగేశ్వరరావు మద్రాసు రికార్డింగుల్లో పియానో, ఎలక్ట్రిక్ ఆర్గన్ వాద్యకారుడిగా పేరు తెచ్చుకున్నారు. రాజ్-కోటి జంటలో కోటి కూడా ఆయన కొడుకే.

‘పూజాఫలం’ పాట ఈ రాత్రి రెండుసార్లు వినండి. మొదటిసారి జానకి గొంతునే పట్టుకోండి. రెండోసారి గొంతు వదిలేసి, పియానో ఎక్కడెక్కడ ఊరుకుందో లెక్కపెట్టండి.