రాయలవారు చెప్పిన నీళ్లమజ్జిగ

శ్రీకృష్ణదేవరాయల పేరు వినగానే మనకు యుద్ధాలు, అష్టదిగ్గజాలు గుర్తుకొస్తాయి. ఎండాకాలంలో ఏమి తాగాలో కూడా ఆయన రాసిపెట్టాడని మనలో చాలామందికి తెలియదు.

తుళువ నరసనాయకుడు, నాగమాంబల కుమారుడైన రాయలు 1509 నుండి 1529 వరకు విజయనగర సామ్రాజ్యాన్ని పాలించాడు. మన ప్రాంతమంటే ఆయనకు ఎంతో అభిమానం. 1513 నుండి 1521 లోపు ఏడుసార్లు తిరుమల కొండకు వచ్చాడు. 1518లో ఆనందనిలయ విమానానికి బంగారు పూత పూయించాడు. తల్లి పేరు మీద వెలసిన నాగలాపురంలో వేదనారాయణస్వామి ఆలయం కట్టించాడు. తిరుమల గుడిలో తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి నిలబడిన ఆయన విగ్రహాన్ని నేటికీ చూడవచ్చు.

రాయలు సుఖానికి అలవాటు పడిన రాజు కాదు. తెల్లవారక ముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, అదంతా చెమటగా పోయేదాకా కత్తిసాము చేసేవాడని పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. 1520 మే నెలలో, మండుటెండల్లో, రాయచూరు దగ్గర బీజాపూరు సుల్తానును ఓడించాడు. చెమట, దాహం అంటే ఏమిటో తెలిసిన మనిషి.

ఆయన రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు కాలానికి తగిన భోజనం పెడతాడు. వేసవిలో గోరువెచ్చని అన్నం, పలుచని అంబలి, చెరకు రసం, కొబ్బరి నీళ్లు, పండ్లు, ఊరవేసిన మామిడి పిందెలు, నీళ్లమజ్జిగ వడ్డిస్తాడు. నేటి శాస్త్రంతో చూస్తే ఇందులో గొప్ప అర్థం ఉంది. చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఆ లోటును ఉప్పులో ఊరిన పిందెలు తీరుస్తాయి. చెరకు రసం చక్కెరనిస్తుంది. పేగుల్లో ఉప్పు, చక్కెర కలిసి ఉంటే నీరు త్వరగా ఒంటికి పడుతుంది.

మిత్రులారా! ఒక గ్లాసు పెరుగుకు నాలుగు గ్లాసుల నీళ్లు, చిటికెడు ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు చాలు. రంగు సీసాల కూల్‌డ్రింకుల కంటే ఇదే మేలు. విరేచనాలైతే మాత్రం ఓఆర్ఎస్ ప్యాకెట్టు వాడాలి. అది దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. మిగిలినది మరునాటికి ఉంచకూడదు. వడదెబ్బకు స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏప్రిల్, మే నెలల్లో మన చిత్తూరు, తిరుపతి ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు. పరీక్షలూ ఆ రోజుల్లోనే వస్తాయి. రాజ్యమేలిన రాయలే కావ్యంలో చోటిచ్చిన మజ్జిగను పేదవాళ్ల తాగుడని మనం చిన్నచూపు చూడకూడదు.