వెన్నెలలో గాలిమర

నెదర్లాండ్స్ పల్లపు దేశం. అక్కడి నేలలో కొంత భాగం సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. పొలాలలో నిలిచే నీటిని తోడివేయడానికి ఆ దేశస్థులు శతాబ్దాల తరబడి గాలిమరలను వాడారు. ఆ దేశంలోని అమెర్స్‌ఫోర్ట్ పట్టణంలో 1872 మార్చి 7న పీట్ మాండ్రియన్ జన్మించాడు.

తండ్రి ప్రధానోపాధ్యాయుడు. బొమ్మలు గీయడంలో తొలిగురువూ ఆయనే. పినతండ్రి ఫ్రిట్స్ ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు. అయినా కుంచెను నమ్ముకుని బతకడం తేలిక కాదు గదా! ఇంటివారి కోరికపై మాండ్రియన్ ముందుగా డ్రాయింగు ఉపాధ్యాయుడిగా అర్హత సంపాదించాడు. 1892లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని లలితకళా అకాడమీలో చేరాడు. పొట్ట గడవడానికి పాత చిత్రాలకు నకళ్లు వేశాడు, పాఠాలు చెప్పాడు, సూక్ష్మజీవుల పటాలు సైతం గీశాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌కు సమీపంలో గైన్ అనే చిన్న నది ఉంది. దాని ఒడ్డున నీటిని తోడే గాలిమర ఒకటి ఉండేది. 1903 ప్రాంతంలో మాండ్రియన్ దానిని వెన్నెలలో చిత్రించాడు. పగటిపూట చూస్తే గాలిమర చెక్కలు, చెట్ల ఆకులు, గట్టుమీది గడ్డి అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. రాత్రి అవన్నీ మాయమై నల్లని పెద్ద ఆకారాలు మాత్రమే మిగులుతాయి. నిలువుగా నిలిచిన మర, అడ్డంగా పరచుకున్న నేల, కింద నీటిలో వాటి నీడ. చిన్న వివరాలు మరుగై పెద్ద రూపురేఖలు తేలే వెలుగంటే ఆయనకు ఇష్టం. అందుకే వెన్నెలలో తరచు బొమ్మలు గీసేవాడు.

1909లో మాండ్రియన్ దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడయ్యాడు. చెన్నై నగరంలోని అడయారు ఆ సమాజానికి ప్రధాన కేంద్రం. కంటికి కనిపించే రూపాల వెనుక ఉన్న సత్యాన్ని చిత్రంలో చూపాలన్న తపన ఆయనలో బలపడింది. 1911 చివరిలో పారిస్ చేరాడు. చెట్లు క్రమంగా గీతలయ్యాయి. 1920 తరువాత నల్లని నిలువు, అడ్డ గీతలు, వాటి మధ్య ఎరుపు, పసుపు, నీలం రంగులు ప్రధానంగా మిగిలాయి.

వాటిని కొనేవారు అరుదు. పూల బొమ్మలకు మాత్రం గిరాకీ ఉండేది. తిండి కోసం పూలు వేసి అమ్ముతూనే, తాను నమ్మిన గీతల చిత్రాలను ఆయన విడిచిపెట్టలేదు. యుద్ధభయంతో 1938లో లండన్‌కు, 1940లో న్యూయార్క్‌కు వెళ్లాడు. 1944 ఫిబ్రవరి 1న న్యుమోనియాతో మరణించాడు. రంగు కాగితం ముక్కలు అతికించి ఉన్న ఒక చిత్రం అసంపూర్తిగా మిగిలిపోయింది.