సి.పి. బ్రౌన్ – అక్షరాల తూకం

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు, బహుభాషావేత్త. 1812లో ఆయన మరణించగా కుటుంబం ఇంగ్లండుకు చేరింది. హెయిలీబరీ కళాశాలలో చదివిన బ్రౌన్ 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకున్నారు. 1820లో కడపలో ఉద్యోగం లభించింది. పెద్దతిప్పసముద్రం, మదనపల్లె ప్రాంతాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఆ కడప జిల్లాలోనివే.

కచేరీ వ్యవహారానికి చాలిన తెలుగు పద్యం చదవడానికి చాలదు. ఇంగ్లీషు పదంలో అక్షరాలన్నింటికీ సమాన బలం ఉండదు. ఒక అక్షరాన్ని గట్టిగా నొక్కి పలుకుతారు. దీనినే ఊనిక అంటారు. ‘ఫొటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరంపై ఉంటుంది, ‘ఫొటోగ్రఫీ’లో రెండవ అక్షరానికి మారుతుంది. ఇంగ్లీషు పద్యానికి నడక ఈ ఊనిక వల్లనే కలుగుతుంది. తెలుగు పద్యానికి ఆధారం ఉచ్చారణ కాలం. హ్రస్వాక్షరం లఘువు. దీర్ఘాక్షరం, సున్నతో కూడిన అక్షరం, సంయుక్తాక్షరానికి లేదా ద్విత్వానికి ముందున్న అక్షరం గురువులు. అందుకే ‘అమ్మ’లో ‘అ’ హ్రస్వమైనా గురువే. ఊనికకు అలవాటుపడిన చెవికి ఈ తూకం కొత్తది.

బ్రౌన్ పండితులను ఆశ్రయించి ఈ తూకాన్ని నేర్చుకున్నారు. గురులఘువులను, గణాలను, యతిప్రాసలను ఇంగ్లీషు వారికి బోధపడేలా వివరిస్తూ 1827లో మద్రాసులో ఛందోగ్రంథం ప్రచురించారు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో వెలువరించారు. శిథిలమవుతున్న తాళపత్రాలను సేకరించి, పండితులకు జీతాలిచ్చి, ప్రతులను సరిచూపించి శుద్ధప్రతులు రాయించారు. అందుకు జీతం చాలక అప్పులు చేశారు. అయినా పూనిన పని విడువలేదు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852 మొదలుకొని నిఘంటువులు వెలువడ్డాయి. ఉద్యోగ విరమణానంతరం లండన్‌లో తెలుగు ఆచార్యులుగా పనిచేసి, 1884 డిసెంబరు 12న మరణించారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది.

తన భాష కొలతను పక్కన పెట్టి తెలుగు కొలతతో తెలుగును కొలవడమే బ్రౌన్ సాధించిన విజయం. ఇంగ్లీషు నేర్చే తెలుగు విద్యార్థి నడవవలసింది ఇదే దారిలో, ఎదురు దిశగా. దీర్ఘమైన ఇంగ్లీషు పదం ఎదురైనప్పుడు అక్షరాలన్నింటినీ ఒకే బలంతో పలకరాదు. ముందు దానిని అక్షరాలుగా విడదీసి, ఊనిక ఎక్కడ ఉందో నిఘంటువులో చూసి పలకాలి. ఏ భాషనైనా దాని తూకంతోనే తూచాలి.