అడయారు తీరాన కనిపించిన బాలుడు: జిడ్డు కృష్ణమూర్తి

1909వ సంవత్సరంలో అడయారు నుండి మైలాపూరులోని పాఠశాలకు ప్రతిదినం కాలినడకన వెళ్ళివచ్చే ఇద్దరు తెలుగు అన్నదమ్ములుండేవారు. పెద్దవాడు కృష్ణమూర్తి తరగతిలో పరధ్యానంగా కూర్చునేవాడు. ఉపాధ్యాయుని దృష్టిలో అతడు మందబుద్ధి. బెత్తపు దెబ్బలు తినని దినం అరుదు.

1895 మే నెలలో మదనపల్లెలో జన్మించిన ఆ బాలునికి, ఎనిమిదవ సంతానం కావడంచేత కృష్ణుని పేరు పెట్టారు. పదేళ్ళకే తల్లి సంజీవమ్మ గతించింది. రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించిన తండ్రి నారాయణయ్యగారు దివ్యజ్ఞాన సమాజపు కొలువు కోరి పిల్లలతో అడయారు చేరారు. అక్కడి సముద్రతీరంలో లెడ్‌బీటరు దృష్టి ఈ బక్కపలుచని బాలునిపై పడింది. కాబోయే జగద్గురువు ఇతడేనని సమాజం ప్రకటించింది. అనీబిసెంటు అన్నదమ్ములను పెంపకానికి తీసుకొని 1911లో ఇంగ్లండుకు తీసుకువెళ్ళారు. బిడ్డలను తిరిగి ఇప్పించవలసిందని తండ్రి వేసిన దావా మద్రాసు హైకోర్టులో గెలిచి, 1914లో ప్రీవీ కౌన్సిలులో వీగిపోయింది. ఆ తండ్రి వేదనను ఈ కథ చెప్పేవారు తరచు మరచిపోతారు. కుమారులు తెలుగే మరచిపోయారు.

1925లో తమ్ముడు నిత్యానంద క్షయవ్యాధితో అమెరికాలోని ఓహైలో మరణించాడు. భారతదేశానికి వస్తున్న ఓడలో కృష్ణమూర్తికి ఆ వార్త తంతి ద్వారా అందింది. తమ్ముడు బ్రతుకుతాడన్న పెద్దల అభయం వమ్మయింది. కొన్ని దినాలు ఆయన కుమిలిపోయారు. ఆ శోకాన్ని ఏ నమ్మకంతోనూ కప్పిపుచ్చుకోక నేరుగా చూడడం నేర్చుకున్నారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలాది అనుయాయుల సమక్షంలో, తన కోసం నెలకొల్పిన తారక సంఘాన్ని తానే రద్దుచేశారు. సత్యానికి మధ్యవర్తులు అక్కరలేదన్నది ఆయన నిశ్చయం. చేతికందిన సింహాసనాన్ని కాలదన్నినవారు చరిత్రలో ఎందరని!

పిదప అర్ధశతాబ్దికి పైగా ఆయన ప్రసంగాలన్నిటా ఒకే అన్వేషణ సాగింది. భయం, ఒంటరితనం, అసూయ, ఆప్తవియోగం ఏ ఒక్కరి సొంత ఆస్తీ కావు. మద్రాసు గృహిణి కన్నీటికీ, రష్యా రైతు కన్నీటికీ భేదం లేదు. అందుచేత లోకం మనకు వెలుపల ఎక్కడో లేదు. మనలోని కలహమే దేశాల నడుమ యుద్ధమై నిలుస్తుంది. కులం, మతం, జాతి అనే గోడల వెనుక రక్షణ వెదకడమే ఆ కలహానికి మూలమని ఆయన ఎత్తిచూపారు. ఈ మాట వినడానికి సులువే. ఆచరణలో మన అభిమానాలన్నిటినీ ప్రశ్నకు నిలుపుతుంది. శ్రోతలు పరిష్కారం అడిగితే ఆయన సూత్రమేదీ చెప్పక, ప్రశ్నను తిరిగి వారి ముందే ఉంచేవారు.

బెత్తం రుచి తెలిసినవాడు కనుకనేమో, భయం లేని చదువును ఆయన అంతగా కోరారు. మదనపల్లె సమీపాన ఋషివ్యాలీ పాఠశాల, మద్రాసులో 1973లో మొదలైన పాఠశాల ఆ కోరిక ఫలితాలే.

1986 జనవరిలో, తొంబదేళ్ళ వయసులో, గ్రీన్‌వేస్ రోడ్డులోని వసంతవిహారంలో ఆయన తుది ప్రసంగాలు చేశారు. నగరం విడిచే సాయంకాలం అడయారు తీరాన, బాల్యంలో తాను కనిపించిన ఆ ఇసుకపైనే, చివరిసారి నడిచారు. ఫిబ్రవరి 17న ఓహైలో కన్నుమూశారు.