స్వర్ణము వెనుక వెన్నెల

చెక్క చట్రములకు కాగితమును బిగించి, వానిని జోడించి, గదిలో అడ్డముగా నిలుపు మడత తెరలపై చిత్రములు వ్రాయుట జపాను దేశమున ప్రాచీనమైన కళ. అట్టి తెరపై చందమామను వ్రాయకయే వెన్నెలను కురిపించిన చిత్రకారుడు సకాయి హోయిత్సు.

ఇతడు 1761లో, నేడు టోక్యో అనబడు ఎదో నగరమున, హిమేజీ సంస్థానాధీశుల వంశమున జన్మించెను. కవిత్వము, చిత్రలేఖనము చిన్ననాటనే అబ్బినవి. సంస్థానాధిపతియైన అన్నగారు 1790లో మరణించిరి. 1797లో హోయిత్సు శిరోముండనము చేయించుకొని బౌద్ధ సన్న్యాసి అయ్యెను. భోగములను విడిచెను గాని కుంచెను విడువలేదు.

అతడు గురువుగా ఎంచుకొన్న క్యోటో చిత్రకారుడు ఒగాటా కోరిన్ 1716లోనే గతించెను. అప్పటికి శిష్యుడు పుట్టుటకింకను 45 సంవత్సరములు కలవు! ఏకలవ్యునకు ద్రోణుని మట్టిబొమ్మ ఎట్టిదో, హోయిత్సునకు కోరిన్ చిత్రములట్టివి. జపానీయుల లెక్క ప్రకారము గురువు నూరవ వర్ధంతియైన 1815లో, అతడు ఆ చిత్రములను సేకరించి ప్రదర్శించెను; నూరు చిత్రముల ప్రతికృతులతో గ్రంథమును వెలువరించెను.

1821 ప్రాంతమున అతనికి కఠిన పరీక్ష ఎదురయ్యెను. కోరిన్ వ్రాసిన వాయుదేవుడు, ఉరుముల దేవుడు గల తెరలజంట తొకుగావా వంశపు హితోత్సుబాషి శాఖవారి వద్ద నుండెను. వాని వెనుకవైపున చిత్రము వ్రాయుమని హోయిత్సును నియోగించిరి. గురువుతో పోటీపడినచో అవినయము, అనుకరించినచో వ్యర్థము. హోయిత్సు మూడవ త్రోవను కనుగొనెను.

గురువు బంగారు రేకుపై వ్రాసెను. శిష్యుడు వెండిరేకును పరచెను. ఉరుముల దేవుని వెనుక, వానకు తడిసి తలలు వాల్చిన గ్రీష్మపు మొక్కలను వ్రాసెను. వాయుదేవుని వెనుక, గాలికి వంగిన శరత్కాలపు గడ్డిని, ఎగిరిపోవు ఆకులను వ్రాసెను. ముందు దేవతల విజృంభణము. వెనుక దానిని భరించిన గడ్డిపోచలు. వెండి నేల వానిపై వెన్నెలయై పరచుకొన్నది. ముందువైపు తెలియనిదే వెనుకవైపు పూర్తిగా బోధపడదు.

1829 జనవరిలో హోయిత్సు కన్నుమూసెను. చిత్రముల రక్షణార్థము తెరల ముందు వెనుకలను తరువాతి కాలమున వేరుచేసిరి. రెండును నేడు టోక్యో జాతీయ ప్రదర్శనశాల యందు కలవు. చంద్రుడు సూర్యునివలననే వెలుగొందును; అయినను వెన్నెల ఎండ కాదు. గురువు ఋణమును ఒప్పుకొనుచునే తన వెలుగును తాను చూపవచ్చునని ఆ వెండి తెరలు చెప్పుచున్నవి.