చుక్కా గీతా: శామ్యూల్ మోర్స్

టెలిగ్రాఫుతో పేరుపొందిన శామ్యూల్ మోర్స్ నిజానికి సైంటిస్టు కాదు, చిత్రకారుడు. 1791లో అమెరికాలోని చార్లెస్‌టౌన్‌లో పుట్టాడు. పెద్దమనుషుల బొమ్మలు గీసి పొట్ట పోసుకునేవాడు.

1825 ఫిబ్రవరిలో లఫాయెట్ చిత్రం పనిమీద వాషింగ్టన్‌లో ఉండగా, న్యూహేవెన్‌లో ఆయన భార్య లుక్రీషియా చనిపోయింది. కబురు ఉత్తరంగా అంది, ఆయన ఇల్లు చేరేసరికి ఖననం కూడా అయిపోయింది. ఆఖరిచూపైనా దక్కలేదు. ఆ దుఃఖమే టెలిగ్రాఫుకు కారణమంటారు గానీ, మధ్యలో ఏడేళ్ళున్నాయి. 1832లో యూరప్ నుంచి తిరిగొచ్చే ఓడలో విద్యుదయస్కాంతం సంగతి విన్నాకే ఆలోచన రాజుకుంది.

తీగలో కరెంటు పారుతుంది, లేదా ఆగుతుంది. దాంతో మాటలెలా పంపాలి? మొదట ఒక్కో మాటకు ఒక్కో అంకె ఇచ్చి నిఘంటువు తయారుచేశాడు. అవతలివాడు అంకె చూసి పేజీలు తిరగెయ్యాలి! 1838 నాటికి అది మాని అక్షరాలకే సంకేతాలిచ్చారు. నన్ను కట్టిపడేసింది ఇదే. చుక్కల్నీ గీతల్నీ అందరికీ సమానంగా పంచలేదు. అచ్చాఫీసు అరల్లోని టైపులు లెక్కేస్తే ఇంగ్లీషు ‘ఇ’లు 12,000 ఉన్నచోట ‘జెడ్’లు 200. కాబట్టి ‘ఇ’కి ఒక్క చుక్క, ‘టి’కి ఒక్క గీత, అరుదైనవాటికి పొడుగు సంకేతాలు. మా ఇంట్లో రోజూ వాడే కొడవలి చూరులో చేతికందేట్టు ఉంటుంది, ఏడాదికోసారి దించే గంగాళం అటకమీద ఉంటుంది. అదే లెక్క.

ఈ సంకేతాల ఘనత మోర్స్‌దా, ఆయన భాగస్వామి ఆల్‌ఫ్రెడ్ వెయిల్‌దా అన్న తగువు నేటికీ తెగలేదు. యంత్రాన్ని పనికొచ్చేట్టు మలిచింది వెయిల్, డబ్బు పెట్టింది వాళ్ళ నాన్న, పేరు మాత్రం మోర్స్‌ది. వెయిల్‌కు అన్యాయమే జరిగిందంటాను. ఇదే మోర్స్ 1863లో బానిసత్వాన్ని సమర్థిస్తూ కరపత్రం కూడా వేశాడు. అదీ చెప్పుకోవాలి.

1843లో ప్రభుత్వం 30,000 డాలర్లిచ్చింది. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తీగమీద సందేశం వెళ్ళింది. 1872లో మోర్స్ కన్నుమూశాడు. మన దేశంలో 2013 దాకా తంతి నడిచింది. తంతి వచ్చిందంటే చదవకముందే ఏడుపులు లేచేవని మా నాయనమ్మ చెబుతుంది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. రెండు చుక్కలొస్తే అది ‘ఐ’ అక్షరమా, రెండు ‘ఇ’లా? మధ్యలో కాస్త ఆగితేనే తెలుస్తుంది. ఆగనక్కర్లేకుండా, ఏ సంకేతమూ మరోదానికి మొదలు కాకుండా, అన్నిటికన్నా పొట్టిగా అల్లే పద్ధతిని 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రకటించాడు. మన ఫోన్లలో ఫొటోలు చిన్నవయ్యేది కొంత దానివల్లే.